పేర్లిచ్చిన పిల్లలు రెండోసారి రావట్లేదు

ప్రశ్న: సేవా కార్యక్రమానికి మొదటివారం విద్యార్థులు బాగానే వస్తున్నారు, తర్వాత పత్తా ఉండరు. ఏం చేయాలండీ?

జవాబు: "సేవ చేద్దాం రండి" అంటే సరిపోదు. పని, సమయం, ఎంతమంది కావాలో రాయండి: "శనివారం 9 నుంచి 11, లైబ్రరీ పుస్తకాలకు అట్టలు, ఆరుగురు." ఆరుగురి పనికి ఇరవైమంది వస్తే మిగతావాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటారు. మళ్లీ రానిది వాళ్లే.

జవాబు: సామాన్లూ చూసుకోండి. ఇద్దరికో కత్తెర, జిగురు సీసా. అట్టల కాగితం ముందురోజే కత్తిరించి ఉంచాలి. లేకపోతే మొదటి అరగంట వెతుకులాటకే సరి. ముందురోజు సాయంత్రం పిల్లలకు గుర్తుచేస్తూ ఒక్క మెసేజ్ పెట్టండి, చాలు. మైనర్లయితే తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి.

జవాబు: సర్టిఫికెట్ ఎర వేయకండి. దానికి కావాల్సిన గంటలు నిండగానే మాయమైపోతారు. పాతవాళ్లలో ఒకరికి హాజరు పుస్తకం అప్పగించండి, వాళ్లే తోటివాళ్లను లాక్కొస్తారు.