ట్రాక్టర్లు చేసిన మనిషి స్పోర్ట్స్ కారు ఎలా చేయగలిగాడు? లంబోర్గిని చరిత్ర గురించి ఒక సందేహం

ప్రశ్న (పెరంబూరు, చెన్నై)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా. ఇరవై ఏళ్లుగా చెన్నైలో ఉంటున్నాం. పోయిన ఆదివారం మహాబలిపురం వెళ్తుండగా ఈసీఆర్ మీద పసుపుపచ్చ లంబోర్గిని ఒకటి మమ్మల్ని దాటి వెళ్లింది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి, "నాన్నా, వీళ్లు మొదట ట్రాక్టర్లు చేసేవాళ్లట, ఫెరారీ యజమాని అవమానించాడని పంతం పట్టి కార్లు మొదలుపెట్టారట" అన్నాడు. ఊళ్లో మా ఇంట్లో చాలా ఏళ్లు ట్రాక్టరు ఉండేది కాబట్టి ఆ మాట నా మనసులో నిలిచిపోయింది. పొలం దున్నే యంత్రం చేసే మనిషి అంతటి కారు ఎలా చేయగలిగాడు? పంతం కథ ఎంతవరకు నిజం? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం (ఒరగడంలో గేరుబాక్సుల తయారీలో పనిచేస్తున్నాను)

ట్రాక్టర్ల మాట పూర్తిగా నిజమండీ. ఫెరూచ్చో లంబోర్గిని 1916లో ఉత్తర ఇటలీలోని రెనాట్సో అనే ఊళ్లో రైతు కుటుంబంలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో రోడ్స్ ద్వీపంలో వైమానిక దళం వాహనాల మరమ్మతు చూశారు. చివరకు బ్రిటిషువారికి బందీగా చిక్కి, 1946లో ఇల్లు చేరారు. అప్పటికి రైతులకు ట్రాక్టర్లు కావాలి, కొనే స్తోమత లేదు. సైన్యం వదిలేసిన వాహనాలు మాత్రం చవకగా దొరుకుతున్నాయి. వాటి ఇంజన్లు, గేర్లు, ఇరుసులు తెచ్చి ఆయన ట్రాక్టర్లు కట్టడం మొదలుపెట్టి, 1948లో కంపెనీ స్థాపించారు.

ఆ తొలి ట్రాక్టర్లలోని ఒక ఏర్పాటు మీకు చప్పున అర్థమవుతుంది. వాటిలో పెట్టిన మోరిస్ లారీ ఇంజను పెట్రోలుది, పెట్రోలేమో ఖరీదు. అందుకని ఇంజను పెట్రోలుతో మొదలై, వేడెక్కాక చవకైన డీజిలుకు మారేలా, ఆ నూనెను ఆవిరి చేసే పరికరాన్ని ఆయన అమర్చారు. మన ఊళ్లలో బావుల దగ్గర ఉండే పాత ఇంజన్లు గుర్తు తెచ్చుకోండి. కాస్త పెట్రోలు పోసి తిప్పి, వేడెక్కాక కిరసనాయిలుకు మార్చేవాళ్లు, సూత్రం అదే. ఈ కంపెనీ అసలు పుట్టుక ఈ పనితనంలోనే ఉందని నా అభిప్రాయం. పంతం తరువాతి మాట.

సమాధానం (టి. నగర్)

పంతం సంగతి నేను చెబుతాను. ట్రాక్టర్ల మీదా, ఆ తరువాత ఇళ్లను వెచ్చబరిచే బర్నర్ల మీదా లంబోర్గినికి బాగా డబ్బు వచ్చింది, ఫెరారీలు కొన్నారు. వాటి క్లచ్ మాటిమాటికీ పాడయ్యేదనీ, అది తన ట్రాక్టర్లలో వాడే క్లచ్చేననీ, ఫిర్యాదు చేస్తే ఎంజో ఫెరారీ చులకనగా మాట్లాడారనీ లంబోర్గినియే తరువాతి కాలంలో చెప్పుకొచ్చారు. అది ఒక పక్షం చెప్పిన మాట కాబట్టి అక్షరం అక్షరం నమ్మనక్కరలేదు. ఆ మాటలే జరిగాయనుకున్నా, కోపంతో పన్నెండు సిలిండర్ల ఇంజను తయారు కాదు కదా. 1963లో సంతాగత బొలోనేసె అనే ఊళ్లో ఫ్యాక్టరీ పెట్టినప్పుడు ఆయన చేసిన తెలివైన పని మనుషులను ఎంచుకోవడం. ఒకప్పుడు ఫెరారీలో పనిచేసిన జొత్తో బిట్సారీని చేత 3.5 లీటర్ల ఇంజను గీయించారు. కారు బాధ్యతను జాన్ పావొలో దల్లారా, పావొలో స్తన్జానీలకు అప్పగించారు. ఆ ఇద్దరికీ అప్పటికి ముప్పై ఏళ్లు లేవు.

అదే ఏడాది టూరిన్ ప్రదర్శనకు మొదటి కారు చేరింది కానీ, దాని బానెట్ కింద ఇంజను పట్టలేదు. లోపల బరువులు పెట్టి, బానెట్ తెరవకుండానే చూపించారు. మరుసటి ఏడాదికి దాన్ని సరిదిద్ది 350 జీటీ పేరుతో అమ్మకానికి తెచ్చారు.

సమాధానం (మళ్లీ ఒరగడం)

లంబోర్గిని వారి మియురా కారు గురించి చెప్పకపోతే ఈ చర్చ పూర్తి కాదు. 1965 టూరిన్ ప్రదర్శనలో బాడీ లేని ఉత్త చాసిస్ పెట్టారు. 1966 మార్చిలో జెనీవాలో, బెర్తోనె అనే కార్ల డిజైన్ సంస్థలో మార్చెల్లో గాన్దిని గీసిన బాడీతో పూర్తి కారు కనిపించింది. పన్నెండు సిలిండర్ల ఇంజనును సీట్ల వెనక అడ్డంగా కూర్చోబెట్టారు. చోటు చాలక ఇంజనూ గేరుబాక్సూ ఒకే పోతలో పోశారు, రెండింటికీ ఒకే నూనె. మన ఫోర్ స్ట్రోక్ మోటారు సైకిళ్లలోనూ ఇదే పద్ధతి. అయితే గేరు పళ్లు అరిగి రాలే సన్నటి లోహపు పొడి అదే నూనెలో కలిసి ఇంజను బేరింగుల దాకా వెళ్లగలదు. చివర్లో వచ్చిన కొన్ని మియురాల్లో రెండు నూనెలనూ వేరు చేశారు. రోజూ గేర్ల మధ్య ఉండేవాణ్ణి కాబట్టి, అంత సాహసం చేసి, లోపం తెలిశాక దిద్దుకున్న ఆ ఇంజనీర్లంటే నాకు ఎంతో గౌరవం.

సమాధానం (అణ్ణానగర్)

ఆ తరువాతి కథ కష్టాలమయం. ట్రాక్టర్ల వ్యాపారం దెబ్బతిని, 1972లో ఆయన కార్ల కంపెనీలో 51 శాతం వాటాను, 1974లో మిగతాదాన్ని అమ్ముకున్నారు. 1978లో కంపెనీ దివాలా తీసింది. మిమ్రాన్ సోదరులు నిలబెట్టారు, 1987లో క్రైస్లర్ కొన్నది, 1994లో మరొకరికి అమ్మింది, 1998లో ఔడి చేతికి వచ్చింది. అప్పటికి గానీ నిలకడ రాలేదు. 2003లో మొదలైన గలార్డో మోడల్ పదేళ్లలో 14,022 కార్లు అయింది. 2023లో తొలిసారి ఏడాదికి పది వేల కార్లు దాటాయి. ఇన్ని చేతులు మారినా బిట్సారీని ఇంజను వంశం మాత్రం 2010లో ముర్సియెలాగో అనే మోడల్ తయారీ ఆగేవరకూ కొనసాగింది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి ఇదంతా మా అబ్బాయికి చదివి వినిపిస్తే ఒకటే అడిగాడు: ఆ ట్రాక్టర్లు ఇప్పుడు ఉన్నాయా?

సమాధానం (ఒరగడం)

ఉన్నాయండీ. ట్రాక్టర్ల కంపెనీని 1970ల మొదట్లోనే సామె అనే మరో ఇటలీ సంస్థ కొన్నది. కార్ల కంపెనీతో వారికి సంబంధం లేదు కానీ, లంబోర్గిని పేరుతో ట్రాక్టర్లు ఇప్పటికీ అమ్ముతున్నారు.