శిఖరం ఇంకా 200 మీటర్లు ఉండగా వెనుదిరగడం తప్పా?

కొండదారి:
గత మే నెలలో మనాలీ దగ్గరి ఫ్రెండ్‌షిప్ పీక్ (5,289 మీటర్లు) మీదికి స్కీలతో (కాళ్లకు కట్టుకుని మంచు మీద జారే పొడవాటి పలకలతో) వెళ్లిన మా నలుగురి జట్టు, శిఖరం ఇంకా 200 మీటర్ల ఎత్తున ఉండగా ఉదయం తొమ్మిదిన్నరకు వెనుదిరిగింది. ఆకాశం నిర్మలంగా ఉంది, గాలి లేదు, ఎవరికీ తలనొప్పి గానీ వాంతులు గానీ లేవు. అప్పటి నుంచి మాలో మాకే వాదన తెగడం లేదు. ఇద్దరం సరైన పనే చేశామంటాం, మిగిలిన ఇద్దరు చేతికందిన శిఖరాన్ని చేజార్చుకున్నామంటారు. ఎత్తైన కొండలు ఎక్కిన వారు మీ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

నడిజాము:
నేను స్కీ చేయను, కాలినడకన ఎక్కేవాడిని. అయినా మీ జట్టులోని ఆ ఇద్దరి బాధ నాకు బాగా అర్థమవుతోంది. వాతావరణం అనుకూలించి, ఒంట్లో శక్తి ఉన్నప్పుడు వెనక్కి రావడం జాగ్రత్త అనిపించుకోదు. ఇలాంటి చర్చల్లో అందరూ పోలండ్‌కు చెందిన స్కీ పర్వతారోహకుడు ఆంజేయ్ బార్గియెల్‌ను ఉదాహరణగా చూపిస్తారు. ఆయన 2019లో ఎవరెస్టు దారిలోని ఖుంబు ఐస్‌ఫాల్ (పగుళ్లతో నిండిన మంచు వాలు) పైన వేలాడుతున్న భారీ మంచు దిమ్మెను చూసి, 2022లో పెనుగాలుల వల్ల, ఎవరెస్టు నుంచి రెండుసార్లు వెనక్కి వచ్చారు. చివరికి 2025 సెప్టెంబరు 22న సిలిండర్ ఆక్సిజన్ లేకుండా శిఖరం చేరి, మరునాటికి స్కీల మీదే బేస్ క్యాంపుకు దిగారు. నిజంగా గొప్ప విషయమే. కానీ మూడోసారి కూడా ఖర్చు భరించేవారు ఆయనకు ఉన్నారు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో సెలవు దొరకబుచ్చుకుని, సొంత డబ్బుతో వెళ్లేవారికి ‘కొండ ఎక్కడికీ పోదు’ అనే మాట ఏ విధంగా ఊరట?

కొండదారి:
డబ్బు, సెలవు గురించి మీరన్నది అక్షరాలా నిజం. నేను కూడా ఏడాది పాటు కూడబెట్టుకున్న సెలవులనే వాడుకున్నాను. కానీ మీరు కాళ్ల శక్తిని, ఆకాశాన్ని చూసి లెక్క కడుతున్నారు. స్కీలతో వెళ్లేవారికి శిఖరం సగం దారి మాత్రమే కాబట్టి, ఎక్కుతున్నప్పుడు కాలి కింద ఉన్న మంచు ఎలా ఉందన్నది కాదు, మనం దిగే వేళకు అదే వాలు ఎలా మారుతుందన్నదే ప్రశ్న. రాత్రి చలికి గడ్డకట్టిన మంచు, ఎండ తగిలాక పైన ఒకటి రెండు అంగుళాలు మెత్తబడినప్పుడు స్కీలకు దానంత హాయి మరొకటి లేదు. ఆ గంట దాటితే అదే మంచు లోతుగా తడిసి, కింది పొరతో పట్టు వదిలి, చరియగా జారిపోవచ్చు.

ఆ రోజు ఆరు గంటలకు చేతికర్ర మొన మంచులో దిగలేదు. తొమ్మిదింబావుకు అదే కర్రను గుచ్చితే మోచేతి లోతుకు దిగిపోయింది. పక్కనున్న నల్లబండల కింద నుంచి మంచు ఉండలు తమంతట తామే దొర్లడం మొదలై, వాలు మీద వేళ్లతో గీసినట్లు గీతలు పడ్డాయి. శిఖరానికి ఇంకా గంటన్నర. పైన, ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల అడుగున అంటించిన స్కిన్స్ (పట్టు పట్టీలు) ఊడదీసి, బూట్లు బిగించుకుని ఆ వాలు మీదికి వచ్చేసరికి పదకొండు దాటేది.

ఇంకొక మాట. 2018లో జిమ్ మోరిసన్‌తో కలిసి ఎవరెస్టు పక్కనున్న లోత్సే శిఖరం నుంచి తొలిసారి స్కీలతో దిగిన అమెరికా పర్వతారోహకురాలు హిలరీ నెల్సన్, 2022 సెప్టెంబరు 26న నేపాల్‌లోని మనాస్లు శిఖరం చేరి, దిగడం మొదలుపెట్టిన కాసేపటికే మంచు చరియలో కొట్టుకుపోయారు. ఆమె పొరపాటు చేశారని నేను అనడం లేదు, అలా అనే అర్హత కూడా నాకు లేదు. అంతటి అనుభవం ఉన్న మనిషికి సైతం ప్రమాదం ఎదురైనది శిఖరం చేరిన తరువాతే అన్నది మాత్రం మరచిపోలేను. నెల్లూరు జిల్లా నుంచి వెళ్లిన పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు 2015లో ఆండీస్ పర్వతాల నుంచి తిరిగి రాలేదన్న వార్త విన్న రోజు నా వయసు వారికి ఇంకా గుర్తుంది.

వేకువచుక్క:
కొండదారి గారూ, వెనుదిరగడం సరైనదే. కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. శిబిరం నుంచి ఎన్ని గంటలకు బయలుదేరారు?

కొండదారి:
అడగవలసిన ప్రశ్నే అడిగారు. రాత్రి ఒంటిగంటకని అనుకున్నాం, కదిలేసరికి మూడు కావచ్చింది. నా బూట్ల లోపలి తొడుగులను స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోకుండా బయట వదిలేశాను, అవి గడ్డకట్టాయి. వాటిని వెచ్చబెట్టుకుని కాళ్లు దూర్చడానికే గంట పైన పట్టింది. మిగిలిన ముగ్గురూ ఆ చలిలో నా కోసం నిలబడ్డారు.

నడిజాము:
అలాగైతే నా అభ్యంతరాన్ని కొంత మార్చుకుంటాను. పోగొట్టుకున్నది తొమ్మిదిన్నరకు కాదు, ఒంటిగంటకు. కానీ వాలు మీద నిలబడి, అలసటలో, ఇద్దరు ఒకవైపు ఇద్దరు మరొకవైపు ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయం అందరిదీ ఎలా అవుతుంది? ఆ గడువు ముందే పెట్టుకోవలసింది.

కొండదారి:
ముందే పెట్టుకున్నాం. తొమ్మిదిన్నరకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందురాత్రి టెంటులో నలుగురం ఒప్పుకున్నాం. అందుకే ఆ ఇద్దరూ పైన వాదించినా చివరికి స్కీలు తిప్పారు. వచ్చే మే నెలలో మళ్లీ వెళుతున్నాం. బయలుదేరే వేళను రాత్రి పన్నెండుకు మార్చాం, గడువు మాత్రం తొమ్మిదిన్నరే. ముగ్గురం సరేనన్నాం. నాలుగో వ్యక్తి పది అంటున్నారు.