అప్‌డేట్: కొలతలిచ్చి కుట్టించిన చొక్కాకి ఒకవైపే ముడతలు, కారణం దొరికింది

కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కాకి కుడివైపు మెడ దగ్గర్నుంచి చంక దాకా ఏటవాలుగా ముడతలు పడుతున్నాయని గత నెల అడిగాను కదా. సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్. ‘ఒక భుజం కిందికి ఉందేమో చూడండి’ అన్నవాళ్ల మాటే నిజమైంది.

మళ్లీ టైలర్ దగ్గరికి వెళ్తే ఆయన టేపు ముట్టుకోలేదు. నన్ను మామూలుగా నిలబడమని, వెనక నుంచి కాసేపు చూసి, కుడి భుజం అర అంగుళం దిగి ఉందన్నారు. ఇన్నేళ్లు అద్దంలో చూసుకుంటున్న నాకే తెలియదు! (బ్యాగు ఎప్పుడూ అటే తగిలించుకుంటాను మరి.) భుజం మీద గుడ్డని రెండు వేళ్లతో పట్టి గుండుసూది గుచ్చగానే ముడతలు మాయం. కుట్టు విప్పి, కుడివైపు ఆ మేరకు తగ్గించి, చెయ్యి మళ్లీ ఎక్కించారు. తర్వాతి చొక్కాకి భుజాల మీది పట్టీని రెండు ముక్కలుగా కత్తిరిస్తారట, ఏ భుజానికి తగ్గ ముక్క దానికి.

కొందరు అనుమానించిన ఛాతీ లూజు, గుడ్డ రకం దీనికి సంబంధం లేనివే. ఉతికితే సర్దుకుంటుందంటే మూడుసార్లు ఉతికాను. కాలర్ బిగుసుకుంది తప్ప ముడత పోలేదు. కుట్టాక అలా కుంచించుకుపోకూడదని తర్వాతి చొక్కా గుడ్డని ముందే తడిపి ఆరేసి ఇచ్చాను.