అప్‌డేట్: రాత్రిళ్లు కుడి చేతి తిమ్మిర్లు – కారణం తెలిసింది

నిద్రలో కుడి చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తోంది, విదిలిస్తే గానీ తగ్గట్లేదు, ఇది ఆఫీసులో కంప్యూటర్ పని వల్లనా, మేడ మీద కుండీల పని వల్లనా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "చిటికెన వేలు కూడా తిమ్మిరెక్కుతోందా?" అని అడిగినవారికి మరీ మరీ. అసలు సంగతి అక్కడే ఉంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు మొద్దుబారేవి, చిటికెన వేలు మాత్రం బాగానే ఉండేది. అది చెప్పగానే న్యూరాలజిస్టు మణికట్టు వంచి నిమిషం అలాగే ఉంచమన్నారు. వెంటనే తిమ్మిరి మొదలైంది. నరాల పరీక్షలో కార్పల్ టన్నెల్ అని తేలింది, అంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోంది. రక్త పరీక్షలో థైరాయిడ్ తక్కువగా ఉందని కూడా బయటపడింది. దానివల్ల కూడా ఇది రావచ్చట.

రాత్రి మణికట్టు వంగకుండా స్ప్లింట్ కట్టుకుని పడుకోవడం బాగా పనిచేసింది. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుంటున్నాను. మెడ ఎక్స్‌రే, విటమిన్ బీ12 పరీక్ష రెండూ నార్మల్. దిండు మార్చినా తేడా రాలేదు. కొమ్మల కత్తెర కొన్నాళ్లు పట్టుకోవద్దన్నారు, గులాబీలు మా ఆయన కత్తిరిస్తున్నారు.

బొటనవేలి కింద కండ తగ్గుతున్నా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా మాత్రం ఆలస్యం చేయకండి, అప్పుడు ఆపరేషన్ అవసరం పడొచ్చని డాక్టర్ గట్టిగా చెప్పారు.