తాతగారి ఫెల్ట్ టోపీ రోజూ పెట్టుకోవచ్చా? మన ఉక్కపోతకి ఆగుతుందా?

గంటస్తంభం కుర్రోడు (విజయనగరం)

అందరికీ నమస్కారం. మా తాతగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయ్యారు. ఈమధ్య ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే ఉన్ని శాలువా కింద ఒక ఫెల్ట్ టోపీ దొరికింది. ముదురు బూడిద రంగు, చుట్టూ నల్ల రిబ్బను, ఎడమ పక్కన చిన్న ముడి. లోపలి తోలు పట్టీ మీద బొర్సలీనో (ఇటలీ టోపీల కంపెనీ) అన్న బంగారు అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. కలకత్తా న్యూ మార్కెట్‌లో కొన్నారని నాయనమ్మ చెప్పింది. అప్పట్నుంచీ నాకు వీటి మీదే ధ్యాస. వైజాగ్‌లో పాత సామాన్లమ్మే ఆయన దగ్గర ఒక గోధుమరంగు స్టెట్సన్ (అమెరికా కంపెనీ ఫెల్ట్ టోపీ) కూడా తీసుకున్నాను.

వీటిని అద్దాల బీరువాలో పెట్టి చూసుకోవడం నాకిష్టం లేదు. రోజూ పెట్టుకుని షాపుకి వెళ్లాలని ఉంది. కానీ నేను తలకి కొబ్బరినూనె రాస్తాను, మన దగ్గర చెమట సంగతి తెలిసిందే. తాతగారి టోపీ అంచు దగ్గర పురుగు కొరికినట్టు చిన్న చిన్న గుంటలున్నాయి. పైభాగంలో ఉండే నొక్కు కూడా చెదిరింది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. పాడుచేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది.

బొబ్బిలి బ్రదర్

అన్నా, తాతగారి జ్ఞాపకం కదా, కవర్‌లో చుట్టి, కలరా ఉండలు వేసి బీరువాలో దాచెయ్. ఫెల్టు చలి ఊళ్లకి. మే నెలలో మన ఎండకి అది రెండు నెలలు కూడా నిలవదు. రోజూ పెట్టుకోవాలంటే కొత్త కాటన్ టోపీ కొనుక్కో.

నాగావళి వాకర్ (శ్రీకాకుళం)

బాబూ, బొబ్బిలి తమ్ముడు ప్రేమతోనే చెప్పాడు గానీ నేను ఒప్పుకోను. మన వాతావరణంలో బీరువాలో దాచిన టోపీయే ముందు పోతుంది. నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. పొద్దున్న వాకింగుకీ, సాయంత్రం ఏడు రోడ్ల జంక్షన్‌లో కూరలకీ ఫెల్ట్ టోపీతోనే వెళ్తాను. నా దగ్గరున్న వాటిలో బాగా ముసలిది, ఎక్కువ వాడినది ఒకటే. మిగతా వాటికంటే అదే ఆరోగ్యంగా ఉంది.

ఎందుకో చెప్తాను. మంచి ఫెల్టు కుందేలు బొచ్చుతోనో బీవర్ అనే నీటి జంతువు బొచ్చుతోనో చేస్తారు. చవక రకాలు గొర్రె ఉన్నితో. రెండూ వెంట్రుకలే కాబట్టి ఉన్ని బట్టలు తినే పురుగుకి ఆహారమే. ఆ పురుగుకి చీకటి కావాలి, కదలిక ఉండకూడదు, చెమట జిడ్డు ఉంటే మరీ ఇష్టం. కవర్‌లో చుట్టి మూల పెడితే ఇవన్నీ మనమే అమర్చిపెట్టినట్టు. పైగా వానాకాలం తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. రోజూ తీసి, బ్రష్‌తో దులిపి, గాలి తగిలే చోట తిరిగితే పురుగు గుడ్లు నిలవవు.

ముందు నీ టోపీలో ఇంకా పురుగు మిగిలి ఉంటే దాన్ని చంపాలి. టోపీని పాలిథిన్ కవర్‌లో గాలి చొరకుండా కట్టి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచు. తీశాక కవర్ వెంటనే విప్పకు. మామూలు వేడికి వచ్చేదాకా అలాగే వదిలెయ్, లేకపోతే చెమ్మ ఫెల్టు మీదే పడుతుంది. తర్వాత మెత్తటి బ్రష్‌తో బొచ్చు వాలిన వైపే దువ్వు. గుంటలు పైపైన ఉంటే అలా దువ్వగా చాలావరకు కనిపించవు.

కొబ్బరినూనె గురించి నువ్వడిగింది అసలైన ప్రశ్న. ఫెల్టుకి నీళ్లకంటే జిడ్డే పెద్ద శత్రువు. నూనె తోలు పట్టీలో ఇంకి, అక్కణ్ణుంచి బయటి రిబ్బను దాకా మరకై దిగుతుంది. రాత్రి తలకి రాసుకుని పొద్దున్న కడుక్కో. నూనె తలతో టోపీ వద్దు. ఇంటికి రాగానే పట్టీని బయటికి మడిచి పొడిగుడ్డతో తుడిచి, టోపీని తలకిందులుగా, పైభాగం మీద నిలబెట్టి నీడలో ఆరనివ్వు. అంచు మీద బోర్లిస్తే దాని వంపు చదునైపోతుంది. జిడ్డు మరక అప్పటికే ఉంటే ముల్తానీ మట్టి పొడిగా చల్లి, ఒక రాత్రి ఉంచి దులుపు. తడపకు. తోలు ఎండింది కదా అని కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు, అది మాత్రం అస్సలు చెయ్యకు. డ్రైక్లీనింగుకి కూడా ఇవ్వొద్దు. మా బావగారిది ఒకటి అలా ఇస్తే అంచు పట్టు పోయి వేలాడుతూ తిరిగొచ్చింది.

నొక్కు సరిచెయ్యడానికి మన ఇడ్లీ పాత్ర చాలు. మూత కొంచెం పక్కకి జరిపి, వచ్చే ఆవిరిలో నొక్కు ఉన్న చోటు మాత్రమే చూపించు. ఫెల్టు మెత్తబడ్డం వేళ్లకే తెలుస్తుంది. అప్పుడు బయటికి తీసి పైన పొడుగ్గా నొక్కి, ముందు రెండు పక్కలా బొటనవేలూ చూపుడువేలూ పెట్టి అదుము. చల్లారేలోపు చెయ్యి తియ్యకు. తోలు పట్టీకి మాత్రం ఆవిరి తగలనివ్వకు, ముడుచుకుపోతుంది. ఒకసారి రూపం వచ్చాక టోపీ తీసేటప్పుడు ఆ ముందు నొక్కు పట్టుకుని లాగొద్దు. పాత టోపీలు చాలావరకు అక్కడే చిట్లుతాయి. ముందూ వెనకా అంచు పట్టుకుని ఎత్తు.

వానలో తడిస్తే కంగారు పడకు. బొచ్చు వెంట్రుక మీద కంటికి కనపడని పొలుసులుంటాయి. వేడి, నీళ్లు, రాపిడి కలిస్తేనే అవి ఒకదాన్నొకటి పట్టుకుని బిగుస్తాయి. ఫెల్టు తయారయ్యేదే అలా. కాబట్టి తడిసిన టోపీని ఎండలో పెట్టకు, హెయిర్ డ్రయ్యర్ చూపించకు, గుడ్డతో రుద్దకు. నీళ్లు విదిలించి ఫ్యాను గాలికి వదిలెయ్.

మే నెల మిట్టమధ్యాహ్నం నేనూ పెట్టుకోను, తమ్ముడు అన్నదాంట్లో అంతవరకు నిజం. ఆ వేళకి తాటాకు టోపీ వాడతాను. మీ ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ రోజున కూడా వద్దు. ఆ జనంలో, పైనుంచి పడే అరటిపళ్లలో అంచు నలిగిపోతుంది. గుళ్లోకి వెళ్తే తీసి చేతిలో పట్టుకుంటాను. పెద్దవాళ్లు ఎదురైతే తీసి నమస్కారం పెడతాను. మొదట్లో తేరిపార చూసినవాళ్లే ఇప్పుడు టోపీ లేకుండా వెళ్తే ఒంట్లో బాగాలేదా అని అడుగుతున్నారు.

పార్వతీపురం కెమిస్ట్రీ టీచర్

బాబాయిగారు చాలా బాగా చెప్పారు. ఒక్క జాగ్రత్త కలుపుతాను. పాత రోజుల్లో బొచ్చు బాగా పెనవేసుకోవడానికి పాదరసం నైట్రేట్ పట్టించేవారు. ఆ పని చేసే కార్మికులకి చేతులు వణికే జబ్బు వచ్చేది. అమెరికాలో 1941 డిసెంబరులో దాన్ని ఆపించారు. మ్యూజియంలలో పాత టోపీలు పరీక్షిస్తే కొన్నిట్లో ఇప్పటికీ పాదరసం బయటపడింది. కాబట్టి ఆవిరి పట్టడం, గట్టిగా దులపడం వంటింట్లో కాకుండా పెరట్లో చెయ్యండి. ఆ ఇడ్లీ పాత్ర మళ్లీ వంటకి వాడొద్దు, పాతది ఒకటి విడిగా ఉంచుకోండి. తర్వాత చేతులు కడుక్కోండి. లోపలి లైనింగు చిరిగితే మళ్లీ వేయించుకోండి. చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి.

గంటస్తంభం కుర్రోడు

అందరికీ చాలా థాంక్స్. పెరట్లోనే చేస్తాను మేడమ్. బాబాయిగారూ, ఇంకో రెండు సందేహాలు. స్టెట్సన్ మీద సైజు 7¼ అని ఉంది, నా తల కొలత 58 సెంటీమీటర్లు. అయినా బిగుతుగా ఉంది. ఇంకోటి, నేను షాపుకి బండి మీద వెళ్తాను. హెల్మెట్ ఉంటుంది కదా, టోపీ ఎలా?

నాగావళి వాకర్ (శ్రీకాకుళం)

అమెరికా లెక్కలో 7¼ అంటే 58 సెంటీమీటర్లే. ఇంగ్లండు టోపీ అయితే అదే కొలతకి 7⅛ అని ఉంటుంది, ఇకముందు కొనేటప్పుడు చూసుకో. నీదాంట్లో తోలు పట్టీ ఎండి ముడుచుకుని ఉంటుంది. గోటితో మెల్లగా వంచి చూడు. మెత్తగా వంగితే తోలు బూట్లకి వాడే క్రీము పల్చగా రాసి, కొన్నాళ్లు ఇంట్లోనే కాసేపు కాసేపు పెట్టుకో, సర్దుకుంటుంది. పెళుసుగా చిట్లితే లాగకు. చెప్పులు కుట్టే ఆయన చేత పల్చటి మేకతోలుతో కొత్త పట్టీ వేయించు. పాత కుట్టు రంధ్రాల్లోంచే చేత్తో కుట్టమని దగ్గరుండి చెప్పు, మిషను మీద వద్దు. తాతగారి టోపీకి కూడా పట్టీ మార్చాల్సొస్తే, బొర్సలీనో పేరున్న పాత పట్టీని మాత్రం పారెయ్యకు.

బండి మీద హెల్మెట్టే, అందులో రెండో మాట లేదు. టోపీకి గట్టి అట్టపెట్టె ఒకటి చేయించు, అంచు ఏ గోడకీ తగలకుండా అన్ని వైపులా కాస్త ఎడం ఉండాలి. అడుగున నలిపిన న్యూస్‌పేపరు వేసి టోపీని తలకిందులుగా కూర్చోబెట్టి, వెనక సీటు మీద బెల్టుతో కట్టుకో. షాపు దగ్గర దిగాక తల చెమట తుడుచుకుని అప్పుడు పెట్టుకో. ఎండలో బండి మీద పెట్టెలో మాత్రం వదిలి వెళ్లకు, ఆ వేడికి తోలు మళ్లీ ముడుచుకుంటుంది.