కరెంటు, కుర్చీ లేని పల్లెలో పంటి వైద్యం: క్యాంపు రోజే ఏం ముగించొచ్చు?

అలిపిరి27 అడిగిన ప్రశ్న:

బీడీఎస్ నాలుగేళ్లు అయిపోయాయి, తిరుపతిలో ఇంటర్న్‌షిప్ నడుస్తోంది. ఆ తర్వాత టౌన్లో క్లినిక్ పెట్టే ఉద్దేశం లేదు. శ్రీకాళహస్తి, ఏర్పేడు వైపు యానాది కాలనీలు, కుప్పం దగ్గరి బడులు, ఇలాంటి చోట్ల పనిచేయాలని ఉంది. మామూలు క్యాంపుల్లో టార్చి వేసి నోరు చూస్తారు, పెద్దాసుపత్రికి పొమ్మని చీటీ రాస్తారు, పేస్టు ట్యూబు చేతిలో పెట్టి ఫోటో దిగుతారు. చీటీ పట్టుకుని వచ్చేది ఎవరూ ఉండరు. ఆ పూటే ముగించే పని ఏముంది? ఏ సామాను కావాలి, ఎక్కడ చెడుతుంది? జీతం వచ్చే దారి కూడా చెప్పండి.

గాజులమండ్యం:

చీటీతో రాకపోవడం వాళ్ల తప్పు కాదు. బస్సు చార్జీ, ఒక రోజు కూలి, తోడొచ్చే మనిషి కూలి. నొప్పి లేని పంటికి అంత ఎవరు పెడతారు? అందుకే చేతి పనిముట్లతో పుప్పి తీసి గ్లాస్ అయానమర్ సిమెంటు నింపే ఏఆర్‌టీ (అట్రామాటిక్ రెస్టొరేటివ్ ట్రీట్‌మెంట్) పద్ధతి నేర్చుకో. 1980ల నడుమ టాంజానియాలో పుట్టింది, డ్రిల్లు అక్కర్లేదు. రెండు బడి బల్లలు కలిపి పిల్లాణ్ణి పడుకోబెట్టు, తల బల్ల అంచున ఉండాలి, నువ్వు తల వెనక కూర్చో. నెత్తికి కట్టుకునే లైటు చాలు.

దూది చుట్టలు పెట్టి, హాచెట్ అనే చేతి ఉలితో గుంత పైనున్న ఎనామెల్ పొర నోరు వెడల్పు చేయి. స్పూన్ ఎక్స్‌కవేటర్‌తో (చెంచా కొన ఉన్న గీకే పనిముట్టు) ముందు అంచుల చుట్టూ గీకు, తర్వాత అడుగుకు పో. అంచు శుభ్రంగా గట్టిగా ఉండాలి. అడుగున నరానికి దగ్గరైతే తోలులాంటి పొర కాస్త వదిలేసినా ఫర్వాలేదు. సిమెంటు బాగా అంటడానికి కండిషనర్ ద్రవం 10 నుంచి 15 సెకన్లు పూయి, తడి దూదితో రెండు మూడుసార్లు కడుగు, ఆరబెట్టు. మరీ ఎండగొట్టొద్దు.

చెడేది ఎక్కువగా కలిపే దగ్గరే. ద్రవం సీసా నిటారుగా పట్టుకోకపోతే చుక్కలో గాలి బుడగ చేరి కొలత తప్పుతుంది. ఒక స్కూపు పొడికి ఒక చుక్క అని కంపెనీ చెబితే అంతే వేయి, పల్చన చేస్తే నమలగానే అరిగిపోతుంది. పొడిని రెండు భాగాలు చేసి అరనిమిషంలో కలపడం ముగించు. ముద్ద మీద మెరుపు పోయిందంటే పారేయి, అది ఇక పంటికి అంటదు. మన మే నెల ఎండకు రెండు నిమిషాలు ఆగాల్సిన సిమెంటు ఒక్క నిమిషంలోనే బిగుస్తుంది. గాజు పలకను ఐసు డబ్బాలో చల్లబెట్టు, వాడేముందు పైన పట్టిన చెమ్మ తుడవడం మరిచావంటే మళ్లీ మొదటికే. నింపాక గ్లౌజు వేలికి వాసెలిన్ రాసి నొక్కి పట్టు, కాటు చూడు, గంటసేపు నమలనివ్వకు. బడిలో అయితే మధ్యాహ్నం భోజనం, చిక్కీ పెట్టే వేళ లెక్కేసుకో.

ఒకే పక్క గుంతకు ఇది బాగా నిలుస్తుంది. రెండు పళ్ల మధ్య పుచ్చిన దవడ పంటికి నింపితే విరిగి ఊడే అవకాశం ఎక్కువ. రాత్రి నొప్పి, చీము, వాపు ఉంటే అసలు ముట్టుకోకు.

కోనేటికట్ట:

పై మాటలన్నీ సరే, కానీ ఏడవకుండా నోరు తెరవని చిన్న పిల్లలకు ఏఆర్‌టీ అనేది కాగితం మీద మాటే. అక్కడ పుప్పిని ఆపే ద్రవం, 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ పూయండి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్లాస్ అయానమర్‌తో పాటు దీన్నీ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ప్లాస్టిక్ గిన్నెలో ఒక చుక్క తీస్తే ఐదు పళ్లదాకా సరిపోతుంది. పెదాలకు, చిగుళ్లకు వాసెలిన్ రాసి, పన్ను ఆరబెట్టి, మైక్రోబ్రష్‌తో ఒక నిమిషం పూసి, మిగిలింది దూదికి అద్దేయండి. ఆరు నెలలకు మళ్లీ పూయాలి, రెండో రాక ఖాయం కాని ఊళ్లో మొదలుపెట్టొద్దు.

గొడవ ఎక్కడంటే పుప్పి నల్లగా మారుతుంది. మందు వేసి పిల్లదాని పన్ను మాడ్చేశారని సాయంత్రానికి ఊరంతా అంటుంది. పూయకముందే నల్లబడిన పంటి ఫోటో తల్లికి చూపి, తెలుగులో రాసిన ఒప్పుకోలు మీద సంతకమో వేలిముద్రో తీసుకోండి. హెడ్మాస్టరు అనుమతి దీనికి బదులు కాదు. వెండి అలర్జీ ఉన్నవాళ్లకూ, నరం బయటపడిన పంటికీ వద్దు. చర్మం మీద మరక ఒకటి రెండు వారాల్లో పోతుంది, బల్ల మీద పడ్డది పోదు.

ఇంకో మాట: బోరు నీళ్ల ఊళ్లలో పళ్ల మీద గోధుమ రంగు గీతలు కనిపిస్తే పుప్పి అనుకుని గీకొద్దు, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ కావచ్చు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందేమో గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) ల్యాబులో నీళ్లు పరీక్ష చేయించండి.

అలిపిరి27:

పన్ను పీకడం సంగతేంటి అన్నా? పల్లెలో అందరూ అదే అడుగుతారు. పనిముట్లు ఎలా శుభ్రం చేయాలి?

పులిచెర్ల:

ముందు బీపీ చూడు. 180/110 దాటితే ఆ రోజు పీకొద్దు. గుండెకు ఆస్పిరిన్ వేసుకునేవాళ్లతో మాత్ర ఆపించొద్దు, రక్తం ఆగడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. అడ్రినలిన్ కలిసిన 2 శాతం లిగ్నోకైన్ మత్తుమందు మనిషి బరువులో కిలోకు 7 మిల్లీగ్రాములు దాటకూడదు. మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి 40 కిలోల మనిషికి 14 మిల్లీలీటర్లు గరిష్ఠం, అంత వాడే పరిస్థితి వచ్చిందంటే ఆ పన్ను క్యాంపులో పీకేది కాదు. కదిలే పళ్లు, వేర్లు సూటిగా ఉన్న పళ్లు చాలు. జ్ఞానదంతాలు తిరుపతి రుయా ఆసుపత్రికి పంపు. మధ్యాహ్నం మూడు దాటాక పీకొద్దు. రాత్రి రక్తం కారితే ఆ ఊళ్లో చూసే దిక్కుండదు.

పనిముట్లను పది నిమిషాలు క్రిములు చంపే గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో ముంచి తీస్తే సరిపోతుందనుకునేవాళ్లు చాలామంది. 2 శాతం ద్రావణంలో సూక్ష్మజీవుల బీజాలు కూడా చావాలంటే పది గంటలు నానాలి. క్యాంపులో ఈ తతంగమే వద్దు. ఏఆర్‌టీకి పంటికి 15, 20 నిమిషాలు పడుతుంది, నాలుగు గంటల్లో ఒక చేతికి పన్నెండు పళ్లు దాటవు. పదిహేను సెట్లు ముందురాత్రే పొట్లాలు కట్టి, 121 డిగ్రీల్లో 15 పౌండ్ల ఒత్తిడి మీద 30 నిమిషాలు ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములు చంపే యంత్రం) చేసి తీసుకెళ్లు. వాడినవి మూతడబ్బాలో సబ్బు నీళ్లలో వెనక్కి. ఎక్స్‌కవేటర్ మొద్దుబారితే పుప్పి సరిగా రాదు, వారానికోసారి రాయి మీద సాన పట్టు.

ఆసుపత్రి వ్యర్థాల మీద 2016లో వచ్చిన నిబంధనలు క్యాంపులకూ వర్తిస్తాయి. సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, రక్తం దూది, పీకిన పళ్లు పసుపు సంచిలోకి, గ్లౌజులు ఎరుపులోకి. బడి వెనక కాల్చేయడం కుదరదు.

కోనేటికట్ట:

జీతం దారి: ఏరియా ఆసుపత్రులు, కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో డెంటల్ అసిస్టెంట్ సర్జన్ పోస్టులు. జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్స కేంద్రాల్లో కూడా డెంటిస్టు ఉంటారు, కాంట్రాక్టు పద్ధతి. రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాగానే కాగితాలు సిద్ధం చేసుకోండి. పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీలో ఎండీఎస్ (దంత వైద్యంలో పీజీ) మూడేళ్లు. అది బోధనకు, పథకాల రూపకల్పనకు పనికొస్తుంది, చేతి పని మాత్రం పిల్లల దంత విభాగంలోనే బాగా వస్తుంది. ఇంటర్న్‌షిప్‌లో ప్రజారోగ్య దంత విభాగానికి మూడు నెలలు ఉంటుంది కదా, దాన్ని హాజరు కోసం వాడేయకండి.

గాజులమండ్యం:

యానాది కాలనీలకు పొద్దున వెళ్తే ముసలివాళ్లు, పసిపిల్లలే దొరుకుతారు, మిగతావాళ్లు కూలికి పోయుంటారు. ముందు వారం సచివాలయం ఏఎన్ఎంతో, ఆశా కార్యకర్తతో మాట్లాడి సాయంత్రం పెట్టు. చిత్తూరు వైపు జూన్, జూలైల్లో మామిడి కోతలుంటాయి, అప్పుడు పెద్దవాళ్ల క్యాంపు వద్దు. నగరి, సత్యవేడు, కుప్పంలో చాలామంది తమిళం మాట్లాడతారు. సూది వేసే ముందు "వలిక్కుదా" (నొప్పిగా ఉందా) అని అడగడం వస్తే సగం భయం పోతుంది.