ఓసీడీకి తెలుగులో చికిత్స చేసే సైకాలజిస్టులు తెలుసా?

మా అమ్మకు ఓసీడీ, అంటే వదలని భయంతో చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు. పడుకున్నాక కూడా లేచి వెళ్లి గ్యాస్ నాబ్ తిప్పి చూస్తుంది. వచ్చి, "కట్టేశానంటావా?" అని అడుగుతుంది. "కట్టేశావమ్మా" అంటే కాసేపు ఊరట, మళ్లీ మొదలు. మందులతో కొంత నయం. భయాన్ని ఎదుర్కొంటూనే, తనిఖీ చేయకుండా ఆగడం నేర్పే పద్ధతి ఒకటుందట. లండన్‌లో పనిచేసిన సైకాలజిస్టు విక్టర్ మేయర్ 1966లో దాని ఫలితాలు ప్రచురించారు. ఇంట్లోవాళ్లు పదేపదే ధైర్యం చెప్పడం కూడా జబ్బుకు బలమిస్తుందని చదివాను. కళ్లెదుట అమ్మ అల్లాడుతుంటే ఊరుకోవడం చాలా కష్టం.

అమ్మకు తెలుగు తప్ప మరో భాష రాదు. హైదరాబాదులో గానీ విజయవాడలో గానీ తెలుగులో ఈ చికిత్స చేసేవారు ఉన్నారా? బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఉన్న ఓసీడీ క్లినిక్‌కు వెళ్లినవారుంటే, అక్కడ తెలుగులో మాట్లాడేవారు దొరికారా? మీ ఇంట్లో ఇలా అడిగినప్పుడు ఏమని జవాబిచ్చేవారో కూడా దయచేసి చెప్పండి.